జమునగారి సత్యభామను చూసి స్టేజీ మీద చేయొచ్చా? నాటకాల వాళ్ళు, పాత సినిమాల వాళ్ళు చెప్పండి

కోటవీధి పిల్ల (విజయనగరం):

అందరికీ నమస్కారం. పగలు ఉద్యోగం, సాయంత్రాలు నాటకం రిహార్సల్స్, ఇదీ నా బతుకు. మా సమాజం వాళ్ళు ఈసారి శ్రీకృష్ణ తులాభారం నుంచి ఒక రంగం వేద్దామన్నారు, సత్యభామ నాకిచ్చారు. ఇంతవరకూ నేను వేసినవన్నీ సాంఘికాలే. ఇంట్లో మాట్లాడినట్టే కాస్త గట్టిగా మాట్లాడితే సరిపోయేది. ఇప్పుడు పద్యం, పాట, కిరీటం, జడ అనేసరికి టెన్షన్ మొదలైంది.

మా అమ్మేమో "జమునను చూసి నేర్చుకో, సత్యభామంటే ఆవిడే" అంటుంది. అదే మాట రిహార్సల్లో అంటే మా డైరెక్టరు మాస్టారు "ఆవిడ్ని చూడొద్దు, చూశావంటే పాడైపోతావు" అన్నారు. ఎందుకండీ అంటే చెప్పరు, ఆయన పద్ధతే అంత.

ఎక్కడ చదివినా జమునగారిని 'రంగస్థలం నుంచి వెండితెరకు వచ్చిన నటి' అనే రాస్తారు. పుట్టింది 1936లో, మొదటి సినిమా పుట్టిల్లు వచ్చింది 1953లో. అంటే పదహారేళ్ళకే సినిమాల్లో ఉన్నారు. మరి నాటకాలు వేసిందెప్పుడు? నిజంగా స్టేజీ నటేనా, లేక పేపరు వాళ్ళు అలవాటుగా రాసేసే మాటా? పోనీ స్టేజీ మనిషే అనుకుందాం, మరి అలాంటావిడ చేసిన సత్యభామను స్టేజీ మీద చేస్తే పాడైపోవడం ఏంటి?

నేను చూసినవి గుండమ్మ కథ, మిస్సమ్మ, టీవీలో మూగమనసులు సగం. ఇంకేం చూడాలో కూడా చెప్పండి. సావిత్రి గొప్పా జమున గొప్పా అనే గొడవ మాత్రం ఇక్కడ పెట్టకండి ప్లీజ్.


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అమ్మా, ముందు ఆవిడ నాటకాల సంగతి చెప్తాను.

జమునగారు పుట్టింది హంపీలో అయినా పెరిగింది గుంటూరు జిల్లా దుగ్గిరాలలో. తండ్రిగారు వ్యాపారం మీద అక్కడికొచ్చి స్థిరపడ్డారు. తల్లి దగ్గరుండి సంగీతం, హార్మోనియం నేర్పించుకున్నారు. బళ్ళో చదివే రోజుల్లోనే నాటకాలు మొదలు. ఆ తెనాలి, దుగ్గిరాల ప్రాంతం సంగతి తెలుసుగా, ఆ రోజుల్లో నాటకం పిచ్చి లేని ఊరు అక్కడ ఉండేది కాదు. జగ్గయ్యగారిదీ ఆ పక్కే, ఆయనే ఈ పిల్లను తన నాటకంలో వేషానికి తీసుకెళ్ళారు. సావిత్రిగారు ప్రదర్శన ఇవ్వడానికి దుగ్గిరాల వచ్చినప్పుడు జమునగారి ఇంట్లోనే బస చేశారని కూడా చెప్పుకుంటారు. ఆ తర్వాత ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు గారు సినిమా తీస్తూ ఆవిడ్ని హీరోయిన్‌గా పెట్టుకున్నారు. అదే పుట్టిల్లు. అల్లు రామలింగయ్య గారికీ అదే మొదటి సినిమా. నాటకాల వాళ్ళంతా కలిసి తీసిన సినిమా అన్నమాట, డబ్బులు రాలేదు, అది వేరే కథ.

కాబట్టి ఏళ్ళ లెక్క వేస్తే ఆవిడ స్టేజీ మీద ఉన్నది తక్కువే. సురభి నాటక సమాజాల వాళ్ళింట్లో పిల్లలు పుట్టగానే స్టేజీ ఎక్కుతారు, వాళ్ళ పక్కన నిలబెట్టి చూస్తే జమునగారిది నాటకానుభవమే కాదంటారు. నేను అలా చూడను. ఆవిడ సినిమాల్లోకి వచ్చిన నాటికి సెట్లో ఎటు చూసినా నాటకాల వాళ్ళే. మిస్సమ్మనే తీసుకోండి. అందులో జమునకు తల్లిగా వేసిందెవరు? ఋష్యేంద్రమణి గారు. ఆవిడ స్టేజీ మీద పద్యాలు పాడి పేరు తెచ్చుకున్న మనిషి, పైగా 1935లో తీసిన శ్రీకృష్ణ తులాభారం టాకీలో సత్యభామ ఆవిడే! అంటే పాత సత్యభామ కాఫీ కలిపిస్తుంటే కాబోయే సత్యభామ పక్కన కూర్చుని డాన్సు నేర్చుకుంటానని మారాం చేస్తోందన్నమాట. నాకు మిస్సమ్మ ఎప్పుడు చూసినా ఇదే గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆవిడకు స్టేజీ వంటబట్టింది ఇలాంటి వాళ్ళ మధ్య పగలూ రాత్రీ పనిచేయడం వల్ల అని నా నమ్మకం.

చూడాల్సినవి అంటారా. వినాయక చవితి (1957) దొరికితే చూడండి, అందులోనూ సత్యభామ ఆవిడే, ఎన్టీ రామారావు గారు కృష్ణుడు. అది చూశాక శ్రీకృష్ణ తులాభారం (1966) చూస్తే తొమ్మిదేళ్ళలో ఒకే పాత్ర ఎంత పండిందో తెలుస్తుంది. మొదటి దాంట్లో అలక ఉంటుంది, రెండో దాంట్లో అధికారం ఉంటుంది. అలగడం ఏ చిన్న పిల్లయినా అలుగుతుంది, అష్టభార్యల్లో తనొక్కతే కృష్ణుణ్ణి కొంగున కట్టేసుకున్నానని నమ్మి నడవడం అంత తేలిక కాదు. మధ్యలో మూగమనసులు మిగతా సగం కూడా పూర్తిచెయ్యండి. పండంటి కాపురం (1972) చివర్లో చూడండి, అందులో రాణీ మాలినీదేవిగా కక్షగట్టిన మనిషి వేషం. సత్యభామ నవ్వడం మానేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటారు.

మీ మాస్టారు ఎందుకలా అన్నారో గాని, నా మటుకు నేను చూడమనే అంటాను.


రైల్వేగేటు రాజు:

గొడవ పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టి తీరాలి కదా.

మిస్సమ్మలో ముందు అనుకున్న మేరీ భానుమతి గారు, లక్ష్మి వేషం సావిత్రి గారిది. భానుమతి గారు తప్పుకున్నాక సావిత్రి మేరీ అయ్యారు, ఖాళీ అయిన లక్ష్మి వేషం జమునకు వచ్చింది. అంటే జమునగారి కెరీర్ మలుపు తిరిగిందే సావిత్రి గారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోవడం వల్ల. నేను సావిత్రి వైపే, మార్చుకోను.

అయినా ఒక్క విషయంలో జమునకు దణ్ణం పెట్టాలి. ఆ రోజుల్లో రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ కలిసి ఈవిడతో నటించం అని తీర్మానించుకున్నారు. మూడేళ్ళు పైమాటే. తెలుగు సినిమా అంటేనే వాళ్ళిద్దరు, ఆ ఇద్దరూ తలుపులేస్తే ఇంకో హీరోయిన్ అయితే మూటాముల్లె సర్దుకుని ఊరెళ్ళిపోయేది. ఈవిడ వెళ్ళి ఎవర్నీ బతిమాలలేదు. జగ్గయ్య పక్కన, హరనాథ్ పక్కన, ఎవరుంటే వాళ్ళ పక్కన చేసుకుంటూ పోయింది. చివరికి విజయా సంస్థ వాళ్ళు మధ్యలో పడి రాజీ చేస్తే గుండమ్మ కథలో (1962) మళ్ళీ అందరూ ఒకే ఇంట్లో తేలారు. అందులో సరోజ వేషం చూడండి, పొద్దెక్కేదాకా పడుకునే గారాల కూతురు, పొగరు దిగాక తోటలో పని చేస్తుంది. పొగరు చూపించడం ఒకెత్తు, అది దిగడం చూపించడం ఇంకొకెత్తు. ఆ దిగడం దగ్గర మనం జాలిపడిపోకుండా చేసింది, ఒప్పుకుంటాను.

ఇంకోటి ఆలోచించండి. మూడేళ్ళు మొహం చూడనన్న అదే రామారావు గారి కృష్ణుణ్ణి పెట్టుకుని 1966లో 'మీరజాలగలడా నా యానతి' (నా ఆజ్ఞ దాటగలడా) అని పాడింది. మరేటండీ, ఆ ధీమా కొత్తగా తయారుచేసుకోనక్కర్లేదు కదా!


పాలకొండ కుర్రాడు:

మా అమ్మమ్మ వాళ్ళది రాజమండ్రి. 1989లో జమునగారు అక్కడ కాంగ్రెస్ తరఫున ఎంపీగా గెలిచారు, 91లో ఓడిపోయారు. ప్రచారానికి వస్తే ఆడవాళ్ళు ఓటు సంగతి వదిలేసి "ఒక్కసారి మూతి తిప్పమ్మా" అని అడిగేవారట. మా అమ్మమ్మ చెప్పిన మాట, ఆవిడ కాస్త పెంచి చెప్తుంది లెండి.


బొబ్బిలి రంగమ్మత్త:

తల్లీ, నేను స్టేజీ మీద సత్యభామ, చింతామణి, సక్కుబాయి వేసినదాన్ని. శ్రీకాకుళం బాపూజీ కళామందిర్ నుంచి పల్లెటూళ్ళో సంబరాల పందిరి దాకా అన్నిచోట్లా వేశాను. మీ మాస్టారు మాట సగం నిజం. ఆ సగం నేను చెప్తాను.

జమునగారి సత్యభామలో మీ అమ్మకి నచ్చింది ఏది? ఆ వాలుచూపు, ఆ కనుబొమ్మ ఎత్తడం, పెదవి ఓ పక్కకి విరిచి సన్నగా నవ్వడం. అవునా? అవన్నీ మీరు చూస్తున్నది తెరంత మొహం మీద. మీ ఊరి ఆనందగజపతి ఆడిటోరియంలో పదో వరస దాటాక మీకు కనుబొమ్మలున్నాయో లేవో కూడా ఎవరికీ తెలీదు. మొహంతో చేసింది మొదటి రెండు వరసల్లో ఉన్న అతిథుల కోసం, మిగతా జనానికి ఒళ్ళంతా మాట్లాడాలి. కొత్త పిల్లలు సినిమా చూసొచ్చి ఏం చేస్తారంటే, మొహం ఒక్కటే కదిలిస్తూ మెడ నుంచి కింద కర్రలా నిలబడతారు. మీ మాస్టారికి భయం అదే అయ్యుంటుంది.

స్టేజీ మీద కనుబొమ్మ పని జడ చేస్తుంది. మెడ తిప్పితే భుజం కదలాలి, భుజం కదిలితే జడ వెనక నుంచి ముందుకి రావాలి. భామాకలాపంలో సత్యభామకి ఆ జడ ఎంత ముఖ్యమో కూచిపూడి చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. కృష్ణుడితో మాట్లాడుతూ జడ కొస పట్టుకుని చూసుకున్నారనుకోండి, "నువ్వు చెప్పేది వినిపిస్తోంది గాని నాకు ఖాతరు లేదు" అని చివరి బెంచీ వాడికి కూడా అర్థమైపోతుంది. సవరం గట్టిగా కట్టించుకోండి, అది ఊడితే ఆ రోజు నాటకం హాస్యనాటకమే. రిహార్సల్స్ కూడా రేపటి నుంచే జడతో చెయ్యండి, ఆఖరి రోజు పెట్టుకుంటే దాని బరువుకి మెడ తిరగదు.

ఇక అసలు మాట. మీరు 'జమున సత్యభామ' అంటున్నారు గాని అది మూలానికి స్థానం నరసింహారావు గారి సత్యభామ. 1902లో బాపట్లలో పుట్టిన మగాయన. ఆడవేషం వేస్తే ఆడవాళ్ళే ఈర్ష్యపడేవారని మా గురువుగారు చెప్పేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ముత్తరాజు సుబ్బారావు గారి తులాభారం నాటకంలో వేస్తూ, సత్యభామకి ఓ పాట కావాలనిపించి ఆయనే రాసుకున్నారు 'మీరజాలగలడా'. సినిమా వాళ్ళు దాన్ని మార్చకుండా అలాగే నిలబెట్టుకున్నారు, ఎందుకంటే తీసేస్తే జనం ఊరుకోరు. మీ ఊరి మధురవాణి వేషం కూడా ఆయన వేసేవారు. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది మీ విజయనగరంలోనే కదా, 1892లో. మధురవాణికీ సత్యభామకీ ఒక్కటే కీలకం, ఎదుటి మగాడి కన్నా తనకే ఎక్కువ తెలుసని లోపల నమ్మకం, పైకి మాత్రం మర్యాద.

అంటే జరిగిందేమిటి? స్టేజీ మీద ఒక మగాయన ఏళ్ళ తరబడి మెరుగుపెట్టిన ఆడదాని ఠీవిని, ఒక ఆడమనిషి తీసుకుని కెమెరాకి సరిపోయేలా తగ్గించి పెట్టింది. ఆ తగ్గించడమే ఆవిడ గొప్పతనం. మన పని దానికి తిరగేసి, ఆవిడ తగ్గించినదాన్ని మళ్ళీ పెంచుకోవాలి. అందుకని చూడండి, బాగా చూడండి, కాని మొహాన్ని మాత్రం చూడకండి. టీవీకి దూరంగా, గది ఆ మూల కూర్చుని సౌండు తీసేసి చూడండి. ఆవిడ ఎప్పుడు కూర్చుంటోంది, ఎప్పుడు లేస్తోంది, కృష్ణుడికి వీపు ఎప్పుడు చూపిస్తోంది, నారదుడు మాట్లాడుతుంటే ఎంతసేపు కదలకుండా ఉంటోంది. అవి తెచ్చుకోండి.


నాగావళి గట్టు:

రంగమ్మగారు చెప్పింది బాగుంది, నాదో చిన్న అభ్యంతరం. మూగమనసుల్లో గౌరి వేషానికి ఈ తగ్గించడం అనే లెక్క వర్తించదు. 'గోదారి గట్టుంది' పాటలో ఆవిడ ఒక్క చోట నిలబడదు, ఆ పరుగు, ఆ చేతులు ఊపడం పూర్తిగా స్టేజీ కొలతే. అదే వేషం 1967లో హిందీ మిలన్‌లో మళ్ళీ చేశారు, దర్శకుడు అదే ఆదుర్తి సుబ్బారావు గారు, ఇటు సునీల్ దత్, నూతన్. భాష ఆవిడది కాదు, జనం ఆవిడ జనం కాదు, అయినా ఉత్తమ సహాయనటి ఫిల్మ్‌ఫేర్ తీసుకొచ్చారు. మొహంతో మాత్రమే నటించే మనిషికి భాష మారితే సగం బలం పోతుంది. ఒళ్ళంతా నటించే వాళ్ళకి పోదు. కాబట్టి ఆవిడకి రెండు కొలతలూ తెలుసు, ఎక్కడ ఏది వాడాలో తెలిసి వాడారు అంటాను నేను.


బొబ్బిలి రంగమ్మత్త:

అది ఒప్పుకుంటాను బాబూ. గౌరి పల్లెటూరి పిల్ల, అరుపు, పరుగు ఆ పిల్లకి అందం. సత్యభామ పరిగెడితే రాణి అనిపించుకోదు.


కోటవీధి పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. అత్తా, మీరు చెప్పినట్టు సౌండు తీసేసి చూశాను. ఒకటి గమనించాను. పక్కవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు ఆవిడ వాళ్ళవైపు వెంటనే తిరగరు. వాళ్ళు సగం మాట్లాడేదాకా ఆగి, అప్పుడు తల తిప్పుతారు, ఒళ్ళు ఇంకా అటే ఉంటుంది. నేనైతే ఎవరైనా డైలాగు అందుకోగానే గబుక్కున మొత్తం తిరిగిపోతాను, సాంఘికాల్లో అదే అలవాటు. మా మాస్టారికి ఇది చేసి చూపిస్తే (ఎక్కడ చూసి నేర్చుకున్నానో చెప్పలేదు) "ఆఁ, ఇప్పుడు రాణిలా ఉన్నావు" అన్నారు!

ఇంకొక్క సందేహం. పాట. సినిమాలో పాటకు తగ్గట్టు పాడదామంటే పల్లవి రెండోసారికే ఊపిరి అందట్లేదు. నటిస్తూ పాడితే శ్రుతి పోతోంది, శ్రుతి చూసుకుంటే నటన పోతోంది. ఎలా?


సంగీత కళాశాల పాత విద్యార్థి:

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇది మా డిపార్టుమెంటు కాబట్టి వచ్చాను.

సినిమాలో ఆ పాట పాడింది సుశీలమ్మగారు. మన ఊరి ఆడపడుచు, 1935లో విజయనగరంలోనే పుట్టారు, ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గర చదువుకున్నారు. మిస్సమ్మలో జమునగారి 'బాలనురా మదనా' నుంచి 'గోదారి గట్టుంది' దాకా ఆ గొంతే. జమునగారి కెరీర్ గురించి ఇంతమంది ఇంత రాసి ఈ మాట ఎవరూ అనలేదేంటి అని కాస్త కోపం కూడా వచ్చింది. ఆ సత్యభామ ధీమాలో సగం వాటా విజయనగరానిది.

మీ ఇబ్బందికి కారణం కూడా అక్కడే ఉంది. సుశీలమ్మ మైకు ముందు కదలకుండా నిలబడి పాడారు, జమునగారు పాడే పని లేకుండా పెదాలు కలిపి నటించారు. ఒకరి ఊపిరి పాటకి, ఇంకొకరి ఊపిరి నటనకి. మీకున్నది ఒక్క ఊపిరి. ఆ ఇద్దరూ చేసింది మీరొక్కరే చేయాలనుకుంటే ఎవరికైనా అందదు. స్థానం వారికి ఈ గొడవ లేదు, ఆయనదే పాట, ఆయనదే గొంతు, ఆయన ఊపిరికి తగ్గట్టే రాసుకున్నారు. కాబట్టి పాట విషయంలో సినిమాను పూర్తిగా వదిలేసి నాటకం పద్ధతికి రండి.

సినిమా శ్రుతిలో పాడకండి. ఆడగొంతుకి మామూలుగా ఐదు, ఐదున్నర హాయిగా ఉంటుంది, మీకు ఇంకా తగ్గితే తగ్గించుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు. సంగతులు (ఒకే మాటను రకరకాలుగా తిప్పి పాడడం) అన్నీ వేయక్కర్లేదు. 'మీరజాలగలడా' అని ఆగి, హార్మోనియం ఒక ఆవృత్తం (తాళం ఒక చుట్టు) వాయించనివ్వండి, ఆ ఖాళీలో జడ పని, మెడ పని చేసుకోండి. మళ్ళీ నిలబడ్డాక 'నా యానతి' అందుకోండి. నడుస్తున్నప్పుడు పాడొద్దు, పాడుతున్నప్పుడు నడవొద్దు, కనీసం మొదటి ప్రదర్శన దాకా. పల్లవి ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు భావం మారాలి: ఒకసారి చెలికత్తెతో గొప్పగా, ఒకసారి నారదుడికి సవాలుగా, ఒకసారి తనలో తను మురిసిపోతూ. మూడు చాలు. నాలుగోసారి పాడితే జనం ఒన్స్‌మోర్ అంటేనే పాడండి.

గొంతు మొత్తం ఇక్కడే ఖర్చు పెట్టేయకండి. మీ రంగం తులాభారం దాకా వెళ్తుందనుకుంటాను, త్రాసులో నగలన్నీ పోసినా కృష్ణుడు లేవకపోతే అప్పుడు సత్యభామ గొంతు బొంగురు పోవాలి, అది నటనగా పోవాలి గాని నిజంగా కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, హార్మోనియం ఆయనతో ముందు రోజే కూర్చుని శ్రుతి ఖాయం చేసుకోండి. ప్రదర్శన రోజు హాలు నిండా జనాన్ని చూస్తే ఆయనకి ఉత్సాహం వచ్చేసి చెప్పకుండా అరశ్రుతి పెంచేస్తారు, ఎవరో ఒకరి విషయంలో అనడం లేదు, అందరూ అంతే.